గురజాడకి చదివీవోళ్లు ఎలాగ దొరికేరు?

ఫోన్లో రాస్తన్న మన కుర్రోళ్లు, ఆడపిల్లలు ఈమధ్య నన్ను అడుగుతన్నవి రెండే ప్రశ్నలు. ఎంత రాసినా చదివీవోళ్లు పెరగటం లేదు, ఏటి చెయ్యాల అన్నది మొదటిది. రాతని నమ్ముకుని బతకొచ్చా లేదా అన్నది రెండోది. గరివిడి వెళ్లినా, మెరకముడిదాం వెళ్లినా, గుర్ల వెళ్లినా ఇవే. అడిగీవోళ్లలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నోళ్లున్నారు. మిల్లులో షిఫ్టు దిగి రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకునీవోళ్లున్నారు. అత్తోరింట్లో ఎవులికీ తెలీకుండా దాచుకుని రాసీ చెల్లెళ్లున్నారు.

ఈ ప్రశ్నలకి జవాబు వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన చీపురుపల్లిలో చిన్నప్పుడు చదువుకున్న మనిషి ఒకాయన ఈ రెండు చిక్కులూ మనకంటే వందేళ్లకి పైగా ముందే పడ్డారు. గురజాడ అప్పారావుగారు. ఆయన విగ్రహానికి దండ వెయ్యడం మనకి తెలుసు. ఆయన దేశభక్తి పాట బళ్లో నిలబెట్టి పాడించేరు, అదీ తెలుసు. కానీ పుస్తకం కొని చదివీ జనం పిడికెడు కూడా లేని కాలంలో ఆయన తన జనాన్ని ఎలాగ కూడగట్టుకున్నారో, ఇల్లు గడవడానికి ఏటి చేసేరో మాత్రం ఎవులూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. పెద్ద చదువులు లేనోణ్ణి, లైబ్రరీ బల్లల మీద ముక్కా ముక్కా ఏరుకుని తెలుసుకున్నాను. ఆ ముక్కలే ఇక్కడ వరసలో పెడతన్నాను.

ఒకరింటి అన్నం, పాతిక రూపాయల జీతం

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న ఎలమంచిలి దగ్గిర రాయవరంలో పుట్టేరు. ఇప్పుడు దాన్ని ఎస్.రాయవరం అంటన్నారు. అమ్మ కౌసల్యమ్మగారు. తండ్రి వెంకట రామదాసుగారికి విజయనగరం సంస్థానంలో కొలువు. ఆయన ఉద్యోగం చీపురుపల్లిలో ఉన్న రోజుల్లో గుంటడి చిన్న చదువు ఇక్కడే సాగినాది. తర్వాత చదువు విజయనగరానికి మారినాది. అక్కడ ఎం.ఆర్. కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఉండడానికి చోటిచ్చి, అన్నం పెట్టి చదివించేరు. అంటే, ఇవాళ హాస్టల్లో ఉండి చదువుతన్న మన పిల్లలకీ ఆయనకీ పెద్ద తేడా లేదు.

1882లో మెట్రిక్ పాసయ్యేరు. 1884లో ఎఫ్.ఏ. ఆ ఏడే ఎం.ఆర్. హైస్కూల్లో మాస్టరు ఉద్యోగం దొరికినాది. నెలకి 25 రూపాయలు. ఉద్యోగం చేసుకుంటూనే 1886లో బీ.ఏ. పూర్తి చేసేరు. కొన్నాళ్లు డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కు పని చూసి, 1887లో ఎం.ఆర్. కాలేజీలో లెక్చరరుగా చేరేరు. అప్పుడు జీతం 100 రూపాయలు.

బళ్లో ఆయనకి ఒక సావాసగాడు ఉండీవాడు. శ్రీముఖలింగం దగ్గిర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి. ఒకరు ఇటు విజయనగరం, ఒకరు అటు శ్రీకాకుళం. ఈ ఇద్దరూ పెద్దయ్యాక తెలుగు రాతనే మలుపు తిప్పేరు. ఆ సంగతికి ముందుకెళ్లాక వస్తాను.

కలకత్తా నుంచి వచ్చిన సలహా

ఇక్కడ మనోళ్లలో చాలామందికి తెలీని సంగతి ఒకటున్నాది. అప్పారావుగారు మొదట పేరు తెచ్చుకున్నది తెలుగులో కాదు, ఇంగ్లీషులో. ఆయనా, తమ్ముడు శ్యామలరావుగారూ ఇద్దరూ ఇంగ్లీషు పద్యాలు రాసీవారు. 1883లో అప్పారావుగారు రాసిన సారంగధర అన్న పెద్ద ఇంగ్లీషు కావ్యం ఇండియన్ లీజర్ అవర్ అన్న పత్రికలో వచ్చినాది. అప్పటికి ఆయనకి ఇరవయ్యొక్కేళ్లు. ఆ కావ్యం చూసి ముచ్చటపడిన శంభు చంద్ర ముఖర్జీ అన్న బెంగాలీ సంపాదకుడు కలకత్తాలో తన రీస్ అండ్ రయ్యత్ పత్రికలో దాన్ని మళ్లీ అచ్చేసేరు.

ఇరవయ్యొక్కేళ్ల గుంటడికి కలకత్తాలో అచ్చు! ఇప్పటి లెక్కలో చెప్పాలంటే రాత్రికి రాత్రి దేశమంతా షేరైపోయినట్టు. మనలో ఎవులైనా ఆ తోవే పట్టుకుని పోతాం. కానీ ఆ మెచ్చుకున్న సంపాదకుడే ఇంకో మాట కూడా చెప్పేరు. ఎంత బాగా రాసినా పరాయి భాషలో రాసీవాడు ఆ భాషోళ్ల వెనకే నిలబడాలి, సొంత భాషలో రాస్తే నీ జనానికి పనికొస్తావు అన్నది ఆ మాటల సారం. అప్పారావుగారు ఆ సలహాని పొగడ్తకంటే ఎక్కువగా పట్టించుకున్నారు.

ఆయన ఇంగ్లీషు మానీలేదు. ఉత్తరాలు, డైరీలు బతికినన్నాళ్లూ ఇంగ్లీషులో కూడా రాస్తనే ఉన్నారు. కాలేజీలో ఇంగ్లీషు వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, గ్రీకు రోమను చరిత్ర చెప్పీవారు. మారిందల్లా ఎవుల కోసం రాయాల అన్నది. మెచ్చుకునీవోళ్ల కోసమా, అవసరమున్నోళ్ల కోసమా? కలకత్తాలో ఉన్న పదిమంది పెద్దోళ్లు మెచ్చుకునీవోళ్లు. విజయనగరం వీధుల్లో, చుట్టూ అగ్రహారాల్లో ఉన్నది అవసరమున్నోళ్లు.

ఈ తేడా మీరు ఇవాళ చూసుకోవాల. హైదరాబాదు ఛానలు భాషలో రాస్తే అక్కడివోళ్లు మెచ్చుకుంటారనీసి మన పిల్లలు వాళ్ల నోట్లో లేని తెలుగు రాస్తన్నారు. అక్కడ ఆ తెలుగు రాసీవోళ్లు వేలమంది ఉన్నారు. మీరు వేలలో ఒకరైపోతారు. మీ ఊరి సంగతి మీ ఊరి మాటలో రాసీవోళ్లు ఎంతమంది? లెక్కపెట్టండి, ఒక చెయ్యి చాలు.

చదవలేని జనానికి ఏటి రాయాల?

కన్యాశుల్కం అంటే ఏటో ఈ తరానికి చెప్పాల. కట్నానికి ఇది తిరగేసిన అన్యాయం. ముసిలోడు డబ్బులిచ్చి పసిపిల్లని పెళ్లి చేసుకునీవాడు, పిల్ల తండ్రి ఆ డబ్బు పుచ్చుకునీవాడు. ముసిలోడు పోయేక ఆ పిల్ల బతుకంతా విధవ. విజయనగరం మహారాజు ఆనంద గజపతిగారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన ఇలాటి పెళ్లిళ్ల లెక్క తీయించేరు. నమోదైనవి 1034. పెళ్లినాటికి అయిదేళ్లున్న పిల్లలు 99 మంది. నాలుగేళ్లవోళ్లు 44, మూడేళ్లవోళ్లు 36, రెండేళ్లవోళ్లు 6. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ లెక్క అప్పారావుగారే తన నాటకం ముందుమాటలో ఇచ్చేరు.

మామూలు రాతగాడైతే ఈ లెక్కలు పెట్టి, పద్యాలతో ఒక పెద్ద పుస్తకం రాసీసేవాడు. పండితులు పది మంది చదివి బాగుందనీవారు. పసిపిల్లని అమ్మీ తండ్రి మాత్రం అది చదవడు. ఎంచేతంటే అతనికి పుస్తకం చదివీ అలవాటు లేదు. అప్పారావుగారు ఇక్కడ ఆగి ఆలోచించేరు. జనానికి చదివీ అలవాటు వచ్చీదాకా వాళ్ల మనసు తట్టాలంటే నాటకమే దిక్కు అని ఆ ముందుమాటలో స్పష్టంగా రాసుకున్నారు. అలాగే వాడుక మాటలో ఎందుకు రాసేరో కూడా చెప్పుకున్నారు. జనానికి గ్రంథాల భాషకంటే అదే అర్థమవుతాది, నవ్వు పుట్టించాలంటే అదే తగిన భాష అన్నది ఆయన నమ్మకం.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు కన్యాశుల్కం ఆడేరు. ముందు ఆట, తర్వాత అచ్చు. పుస్తకంగా వచ్చినాది 1897లో. అంటే నాలుగైదేళ్లు ఆ మాటలు చెవులతో విన్న జనమే ముందు. చదివీవోళ్లు తర్వాత వచ్చేరు. విన్నవాళ్లలో తాంబూలాలు పుచ్చుకున్న తండ్రులూ ఉండుంటారు, రెండో పెళ్లికి సిద్ధమైన ముసిలోళ్లూ ఉండుంటారు. వాళ్ల మాటే వాళ్లకి స్టేజీ మీంచి వినిపించినాది. నవ్వొస్తాది, ఆ నవ్వులోనే గుచ్చుకుంటాది. నాటకం మొదలయ్యీ బొంకులదిబ్బ కూడా విజయనగరంలోదే. చూడొచ్చినవోళ్లు రోజూ నడిచీ చోటే తెర తియ్యగానే కనిపించినాది. జనం దగ్గిరకి రావడానికి వాళ్ల ఊరి పేరంత దగ్గిర తోవ ఇంకోటి లేదు.

ఇక్కడ నా సంగతి ఒక్కటి చెప్తాను. పదిహేనేళ్ల కిందట ఒక పత్రికకి జూట్ మిల్లు కూలీల మీద ఓ ముక్క రాసి పంపేను. వాళ్లు మాటాడిన మాట మాటాడినట్టే రాసేను. అచ్చులో చూస్తే గుంట కాస్తా బాలిక అయిపోనాది, బువ్వ ఆహారం అయిపోనాది, ఒంటి నొప్పులు శారీరక రుగ్మతలైపోనాయి. ఆ కాగితం పట్టుకెళ్లి మిల్లు గేటు దగ్గిర చదివి వినిపిస్తే, ఇది మా గురించేనా అన్నట్టు చూసేరు కూలీలు. వాళ్ల బతుకు వాళ్లకే తెలీకుండా చేసింది ఆ దిద్దుడు. అప్పారావుగారు 1892లోనే దాటిన గట్టు అది. మనకి ఇంకా అడ్డంగానే ఉన్నాది.

గిరీశం మనకి తెలిసినోడే

కన్యాశుల్కంలో గిరీశం ఉన్నాడు. అతన్ని ఈ రోజుల్లో రాసీవోళ్లందరూ శ్రద్ధగా చదవాల. ఎంచేతంటే అతను ఎక్కడో లేడు, మన ఫోన్లోనే ఉన్నాడు.

గిరీశానికి మాట ఉన్నాది. ఏ విషయమైనా లెక్చరు దంచగలడు. ఇంగ్లీషు ముక్కలు చల్లగలడు. సంస్కరణ అంటాడు, విధవా వివాహం అంటాడు, దేశం అంటాడు. వెంకటేశం అన్న కుర్రాడికి చదువు చెప్పే నెపంతో తిరుగుతాడు, చెప్పిన చదువు చుట్ట కాల్చడం. విజయనగరంలో అప్పులెక్కువై, చేసిన పన్లు బయటపడే వేళకి ఆ కుర్రాడితో కలిసి వాళ్ల ఊరు చెక్కేస్తాడు. అక్కడ వెంకటేశం అక్క, చిన్న వయసులోనే విధవైన బుచ్చమ్మని మాటలతో వల్లో వేసుకుంటాడు. వినీవోళ్లని కూడగట్టుకోవడంలో అతన్ని మించినోడు లేడు. ఆ మాటల వెనకాల నిలబడీ మనిషే లేడు.

అప్పారావుగారు గిరీశాన్ని రాక్షసుణ్ణి చెయ్యలేదు. అతన్ని చూస్తే మనకి ఇష్టం కలుగుతాది, అందులోనే ఉన్నాది పట్టు. చివర్లో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని వితంతువుల శరణాలయానికి పంపించి, గిరీశాన్ని బుద్ధిగా చదువుకోమంటారు. గిరీశానికి కథ అడ్డం తిరుగుతాది. మాటలతో తెచ్చుకున్న పేరు అవసరం పడ్డ వేళకి చేతిలో మిగల్లేదు.

అదే నాటకంలో ఎదురుగా మధురవాణి ఉన్నాది. సానిది అని లోకం చిన్నచూపు చూసీ మనిషి. సానుల మీద పెద్దమనుషులు సభలు పెట్టి తిడతన్న రోజులవి. అలాటి రోజుల్లో అప్పారావుగారు నాటకం మొత్తంలో ఎక్కువ తెలివి, ఎక్కువ జాలి ఆమెకే ఇచ్చేరు. సుబ్బి అన్న పసిపిల్ల పెళ్లి ముసలి లుబ్ధావధాన్లుతో జరక్కుండా చూడ్డానికి కరటక శాస్త్రి ఎత్తు వేస్తే, ఆ ఎత్తు పారినాది మధురవాణి సాయంతోనే. మెచ్చుకోలు కోసం రాసీవాడైతే ఆమెని తిట్టి చప్పట్లు కొట్టించుకునీవాడు. అప్పటికి అదే వైరల్ అయ్యీ రకం.

జీతం ఒక చేత్తో, కలం ఇంకో చేత్తో

ఇప్పుడు రెండో ప్రశ్న. రాత మీద బతికేరా ఆయన? లేదు. ఒక్కనాడూ లేదు.

లెక్చరరు జీతం 1891 నాటికి 125 రూపాయలైనాది. సంస్థానానికి శాసనాలు పరిశోధించే పని కూడా చేసేరు. 1897లో ఆనంద గజపతి పోయేక, ఆయన చెల్లెలు రీవా మహారాణి అప్పల కొండమాంబగారికి కార్యదర్శి అయ్యేరు. సంస్థానం వారసత్వం మీద కోర్టు వ్యాజ్యం నడిచినాది. ఆ కాగితాల పని ఆయన నెత్తి మీద పడ్డాది. ఏళ్ల తరబడి రాయాల్సిన చెయ్యి దస్తావేజులు తిప్పినాది. ఆరోగ్యమూ అంతంతమాత్రమే. కొండుభట్టీయం, బిల్హణీయం అన్న నాటకాలు మొదలెట్టి పూర్తి చెయ్యలేకపోయేరు. కొలువు అన్నం పెట్టినాది, టైము తినీసినాది.

రాజుగారి ఉప్పు తిన్నవాడు స్వతంత్రంగా రాసేడా అని మీరు అడగాల. అడగకపోతే నేనే అడుగుతాను. కన్యాశుల్కం మొదటి ముద్రణ ఆనంద గజపతికే అంకితం. సంస్థానం శిస్తు కింద నలిగిన రైతు ఆ నాటకంలో ముందుకి రాడు. అది నిజం. కానీ అదే మనిషి తర్వాత కన్యక అన్న గేయకథ రాసేరు. అందులో ఒక రాజు కోమట్ల పిల్ల మీద కన్నేస్తాడు, ఆ పిల్ల లొంగకుండా అగ్నిలో దూకుతాది, రాజు పరువు మంట్లో కలుస్తాది. కోట జీతం తీసుకుంటూ రాజుల బలుపు మీద ఆ కథ రాయడం తేలిక కాదు. జీతం చేసిన పనికి. రాత ఎవులికీ అమ్మినది కాదు. ఈ గీత ఆయన గీసుకున్నారు అని నా లెక్క.

మన పిల్లలు కొందరు పార్టీల పేజీలకి పోస్టుకింత అని రాస్తన్నారు. ఆ డబ్బుతో ఇంట్లో బియ్యం వస్తన్నాయి, నేను వాళ్లని తిట్టను. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. ఆ పోస్టులు చదివీవోళ్లు మీవోళ్లు కారు, ఆ పేజీవోళ్లు. రేపు పేజీ మారితే వాళ్లకి మీ పేరు కూడా తెలీదు. పొట్టకి పని ఏదైనా చెయ్యండి. ట్యూషను చెప్పండి, మీసేవలో కూర్చోండి, షిఫ్టుకెళ్లండి. మీ పేరుతో రాసీది మాత్రం ఎవులి జేబులోంచీ రాకూడదు.

పదిహేడేళ్లకి మళ్లీ రాసిన నాటకం

1892లో ఆడిన నాటకం జనానికి నచ్చినాది. అచ్చైనాది, పేరొచ్చినాది. ఇంకొకరైతే అక్కడితో చేతులు దులుపుకుని రెండో భాగం రాసీవారు. అప్పారావుగారు ఆ నాటకాన్నే మళ్లీ పట్టుకున్నారు. 1909లో రెండో కూర్పు వచ్చినాది. దిద్దడం కాదు, దాదాపు కొత్త నాటకం. పరిమాణంలో ఎంతో పెరిగినాది, మనుషులు లోతయ్యేరు, మధురవాణి మొదటి కూర్పులోకంటే ఎంతో ఎదిగినాది. ఇవాళ మనం చదువుతన్నది ఆ 1909 నాటి కన్యాశుల్కమే.

మరుసటేడు 1910లో ఆయన దారి ఇంకోలాగ మారినాది. బందరులో అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆంధ్రభారతి అన్న మాసపత్రిక మొదలెట్టేరు. కొత్త పత్రిక. దానికి అప్పారావుగారు చిన్న చిన్న రచనలు ఇవ్వడం మొదలెట్టేరు. దిద్దుబాటు కథ 1910లో అందులోనే వచ్చినాది. సానిపాటలు వినడానికి పోయి అర్ధరాత్రి ఇంటికొచ్చిన మొగుడు, ఉత్తరం రాసి పెట్టి కనిపించకుండా పోయిన పెళ్లాం, మధ్యలో నౌకరు రాముడు. కొద్ది పేజీల్లో అయిపోయీ కథ. నవ్విస్తాది, మొగుడికి బుద్ధి చెప్తాది. అంతకుముందే 1902లో బండారు అచ్చమాంబగారు కథలు రాసేరు, ఆమెని మరిచిపోకూడదు. కానీ వాడుక మాటలో కథ ఎలాగ నడపొచ్చో దారి చూపించింది దిద్దుబాటే.

ముత్యాల సరాలు కూడా 1910లో ఆంధ్రభారతిలోనే వచ్చినాయి. పద్యం రాయాలంటే గణాలు, యతులు, ప్రాసలు నేర్చుకున్న పండితుడై ఉండాల్సిన రోజులవి. ఆయన మూడూ నాలుగూ మాత్రల నడకతో ఒక ఛందస్సు కట్టేరు. అడుగులేసినట్టు ఉంటాది, చదువు రానోళ్లు కూడా వింటే పట్టుకుంటారు. గేయాల్లోనే ముసిలోడికి కట్టబెట్టిన పూర్ణమ్మ కథ, అంటరానితనం మీద లవణరాజు కల చెప్పేరు. దేశభక్తి గేయం 1913లో కృష్ణాపత్రికలో వచ్చినాది. ఎంత లోతైన మాటైనా నోటికి ఆడాల, అదీ ఆయన పట్టుదల.

లెక్కేసి చూస్తే ఆయన బతుకంతా రాసింది పెద్ద గుట్టేమీ కాదు. పూర్తయిన నాటకం ఒకటి, గుప్పెడు కథలు, కొన్ని గేయాలు. రోజుకి మూడు పోస్టులు పెట్టకపోతే జనం మర్చిపోతారన్న భయం మీకుంటే, ఈ లెక్క ఓపాలి చూసుకోండి.

ఓడిపోయిన గెలుపు

1911లో మద్రాసు యూనివర్సిటీ ఆయన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో వేసినాది. అప్పటికే గొడవ ముదిరినాది. బళ్లలో, పరీక్షల్లో పిల్లలు వ్యాసాలు వాడుక తెలుగులో రాయొచ్చా, గ్రాంథికంలోనే రాయాలా? ఒక పక్క జయంతి రామయ్య పంతులుగారు, వారి వెనక పండితులు, జమీందార్లు. ఇంకో పక్క గిడుగు, గురజాడ, వాళ్లతో బళ్ల ఇన్స్పెక్టరుగా పనిచేసిన యేట్స్ దొర, పి.టి. శ్రీనివాస అయ్యంగారు లాటివోళ్లు కొద్దిమంది.

ఇది పండితుల కీచులాట అనుకోవద్దు. గ్రాంథికమే రాయాలంటే, ఇంట్లో ఆ భాష తెలిసిన పిల్లలు పాసవుతారు. కాపుల ఇంటి పిల్ల, వెలమల ఇంటి కుర్రాడు, మాలపేట గుంటడు తనకి బాగా తెలిసిన సంగతి కూడా తప్పుల్లేకుండా రాయలేడు. పరీక్ష చదువుకి కాదు, పుట్టుకకి పెట్టినట్టు అవుతాది. 1914లో అప్పారావుగారు యూనివర్సిటీకి తన అసమ్మతి పత్రం ఇచ్చేరు. వ్యాకరణం, శాసనాలు, పాత వచనం అన్నీ తవ్వి తీసి, బతికున్న భాషే రాత భాష కావాలని వాదించేరు. యూనివర్సిటీ పండితుల పక్షానే నిలబడ్డాది.

1913లోనే ఆయన ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నారు. 1915 నవంబరు 30న పోయేరు. యాభైమూడేళ్లు. పోయిన నాటికి ఆయన పక్షం ఓడిపోయిన పక్షం. ఆయన వ్యూస్ ఆ రోజు లెక్కపెట్టి ఉంటే పెద్దగా వచ్చీవి కాదు.

తర్వాత ఏటైనాదో చూడండి. సావాసగాడు గిడుగు రామమూర్తి ఊరుకోలేదు, 1919లో తెలుగు అన్న పేరుతోనే పత్రిక పెట్టి పోట్లాట నడిపేరు. విశాఖపట్నం కుర్రాడు శ్రీశ్రీ ముత్యాల సరాల నడక అందుకుని, గురజాడ నా దారి అని చాటేరు. అప్పారావుగారు పోయిన 1915లోనే శ్రీకాకుళంలో పుట్టిన చాగంటి సోమయాజులు, చాసో, విజయనగరంలో కూర్చుని మన మాటలో కథలు రాసేరు. రావిశాస్త్రి కోర్టు బోనులో నిలబడ్డ బీదోళ్ల మాట పట్టుకొచ్చేరు. కాళీపట్నం రామారావు మాస్టారు యజ్ఞం రాసేరు, తెలుగు కథలన్నీ ఒకచోట దాచడానికి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టేరు. 1955లో కన్యాశుల్కం సినిమా అయినాది. ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. గురజాడ డైరీలు, ఉత్తరాలు ఆయన పోయిన ఎన్నో ఏళ్లకి పుస్తకాలై జనంలోకొచ్చేయి. యూనివర్సిటీలో ఓడిన భాషలోనే ఇవాళ పేపర్లన్నీ వస్తన్నాయి.

మిగిలిన పని మనదే

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. అప్పారావుగారు స్టేజీ ఎక్కించిన వాడుక మాట ముఖ్యంగా చదువుకున్న అగ్రహారం ఇళ్ల మాట. నౌకర్లు, పోలీసులు, దారిన పోయీవోళ్ల మాట మధ్యమధ్యలో వస్తాది, కథ వాళ్లది కాదు. పొలంలో కలుపు తీసీ ఆడోళ్లు, కొండ మీద సవరలు, సముద్రం ఒడ్డున చేపలు పట్టీవోళ్లు, చెన్నపట్నమో హైదరాబాదో వలసపోయి కట్టుబడి పని చేసీవోళ్లు తమ మాటలో తమ కథ చెప్పుకోవడం అప్పటికి జరగలేదు. ఆ పని ఆయన మిగిల్చేరు. మన యాసని సినిమాల్లో నవ్వులకి వాడుకుంటన్న ఈ రోజుల్లో ఆ పని ఇంకా మిగిలే ఉన్నాది.

అంచేత తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ రెండు ప్రశ్నలకి నా జవాబు ఇది.

చదివీవోళ్లు కావాలంటే ముందు ఎవులికి అవసరమో వాళ్లని ఎంచుకోండి. యాభై మందైనా పరవాలేదు. వాళ్లు చదవలేకపోతే చదివి వినిపించండి, గొంతుతో రికార్డు చేసి పంపండి. అప్పారావుగారి స్టేజీ మన వాట్సాప్ వాయిస్ మెసేజీయే. వాళ్ల మాటలో రాయండి, వాళ్లకి గుచ్చుకునీది కూడా రాయండి. బాగా ఆడిన ముక్కని కూడా మళ్లీ తీసి దిద్దండి. గిరీశం లాగ మాటలతో జనాన్ని పోగెయ్యడం తేలికే, కానీ బుచ్చమ్మ లాటివోళ్లు మిమ్మల్ని నమ్మినప్పుడు మీ దగ్గిర ఏటున్నాదో చూసుకోండి.

బతుకు సంగతంటారా, రాత అన్నం పెట్టకపోవచ్చు. అప్పారావుగారికీ పెట్టలేదు. పని చేసుకుని రాసినవోళ్లే మన జిల్లాల్లో అందరూ. ఒకాయన లెక్చరరు, ఒకాయన ప్లీడరు, ఒకాయన బడి మాస్టారు. అందులో సిగ్గు లేదు. జీతం ఇచ్చీవాడు ఒకడు, చదివీవోళ్లు వేరొకరు అయినప్పుడే కలానికి ఊపిరాడతాది.

చీపురుపల్లి నుంచి విజయనగరం బస్సులో గంట ప్రయాణం. అప్పారావుగారి ఇల్లు అక్కడున్నాది. చూసి రండి. చూసొచ్చాక దండ ఫోటో పెట్టకండి. మీ వీధిలో ఈ వారం జరిగిన అన్యాయం ఒకటి, మీ అమ్మకి చెప్తే అర్థమయ్యీ మాటలో రాసి పెట్టండి.